నలభై ఏడో నంబరు కాగితం

పటాన్‌చెరు,
ఆదివారం ఉదయం.

అక్కయ్యకు,

నీకూ బావగారికీ నమస్కారాలు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? పిన్ని మెత్తటి అన్నమైనా తినగలుగుతోందా? ఒక్కొక్కరి సంగతి విడివిడిగా రాయి. పోయినసారి "అందరం బాగానే ఉన్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. దాన్ని నేను జవాబుగా తీసుకోను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. వసంతకు ఆపరేషన్ కుట్లు మానాయి, గోడ పట్టుకోకుండా నడుస్తోంది. మనవరాలు మృదుల సంగారెడ్డి పాలిటెక్నిక్‌కు రోజూ బస్సులో నిలబడి వెళ్ళి, నిలబడే తిరిగి వస్తోంది. అల్లుడు సుధాకర్ ఆరోగ్యానికి ఏ లోటూ లేదు. అతని గురించి ఇంతకన్నా మంచి మాట రాయడానికి ఈ ఉత్తరంలో ఎక్కడైనా చోటు దొరుకుతుందేమో చూస్తాను.

"ఆ ఊరు నచ్చకపోతే వెనక్కి వచ్చెయ్యి, మా ముందు గది ఖాళీగానే ఉంది" అని రాశావు. ఆ మాటకు జవాబు చివర రాస్తాను. ముందు జరిగినదంతా విను.

కూతురి నడుము బాగయ్యేదాకా వంట చేసి పెడదామని వచ్చినదాన్ని, ఐదు నెలలైంది. ఈ ఊరితో నాకింకా పొసగలేదు. మధ్యాహ్నం మూడు దాటితే ఫ్యాక్టరీల వైపు నుంచి ఒక వాసన వస్తుంది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే వాసన. బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు. మూడు విజిళ్ళు వచ్చాక మూత తీస్తే గింజలు గింజలుగానే ఉంటాయి. కిరాణా కొట్టుకు వచ్చేవాళ్ళలో సగం మంది బీహారు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి కొట్టువాడు నన్ను కూడా హిందీలోనే పలకరిస్తాడు. నేను తెలుగులో జవాబిస్తే, "అమ్మా, జెర జల్దీ చెప్పు, ఎనక లైనున్నది" అంటాడు. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో పిల్లలను వరసలో నిలబెట్టినదాన్ని, ఇప్పుడు నేనే వరసలో నిలబడి మాట పడుతున్నాను. వసంత ఒక శుక్రవారం నన్ను ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి తీసుకెళ్ళింది. ఈ ఐదు నెలల్లో నేను ఎవరితోనూ గొడవపడకుండా గడిచిన రోజు అదొక్కటే.

ఇక అల్లుడి సంగతి. సుధాకర్ వాళ్ళ నాన్నగారు మన వైపు నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు కదా, ఇతను ఇక్కడే పుట్టి పెరిగాడు. కర్దనూరు వైపు ఇనుప రేకులను నొక్కి లారీ భాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి. పెళ్ళినాడు ఎంత వాగుడుకాయో నీకు గుర్తుందిగా, పీటల మీద కూర్చుని కూడా పురోహితుడితో క్రికెట్ మాట్లాడాడు. ఇప్పుడు ఆ మనిషి కాదు. మాట్లాడడు. మాట్లాడితే సినిమా మాట మాట్లాడతాడు.

ఏ సినిమా అని అడుగుతావు. ముసుగు వేసుకుని లోకాన్ని కాపాడే ఒక నల్ల అంగీ మనిషి సినిమాలు. విదేశీ బొమ్మలు, మాటలు మాత్రం తెలుగులోకి మార్చారు. అతని పేరు నేను రాయను, రాసి అతన్ని గౌరవించను. అలాంటివి మూడు భాగాలున్నాయట. సెలవు రోజు వస్తే మా ఇంట్లో ఆ మూడింటిలో ఒకటి నడవాల్సిందే. ఎప్పుడు చూసినా వాన, చీకటి, విరిగిపోయిన గంటల గోపురం. ఆ గోపురం అంచున ఈ మనిషి గొంతుక్కూర్చుని, నీళ్ళ బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు ఒక్కో వాక్యం వదులుతాడు. వదిలాక ఉరుము. అతనికి తాతల నాటి కోట ఉంది. కోట నిండా బూజు. ఇంత ఆస్తి ఉన్నవాడు ఒక చీపురు కొనలేడా? ఆ కోటలో ఒక ముసలి వంటావిడ ఉంది. రోజూ అతనికి వేడివేడిగా ఏదో ఒకటి తెచ్చి బల్ల మీద పెడుతుంది. మూడు సినిమాల్లోనూ అతను ఆవిడతో "తిన్నావా?" అన్న ఒక్క మాట అనలేదు. ఆవిడ వచ్చినప్పుడల్లా నేను కావాలనే చూశాను, మిగతాది చెవిన పెట్టలేదు. లోకాన్ని కాపాడేవాడు ముందు ఎంగిలి కంచం తీయాలి.

అల్లుడికి అతని వాక్యాలన్నీ కంఠతా వచ్చు. పొద్దున ఇడ్లీలు ఎన్ని పెట్టమంటారని అడిగితే, "నాకు కావలసింది ఈ లోకం దగ్గర లేదు" అంటాడు. ఆరు తింటాడు. కరెంటు పోయినప్పుడు వసంత కొవ్వొత్తి కోసం తడుముకుంటూ ఉంటే, కుర్చీలోంచి కదలకుండా, "చీకటికి తలుపులుండవు. అందుకే అది నా ఇల్లు" అంటాడు. ఈ ఇంటికి తలుపులున్నాయి, నెలనెలా కిరాయి కూడా ఉంది అన్నాను. విననట్టే ఉన్నాడు. వసంత తన బళ్ళో తోటి టీచరు కూతురి పెళ్ళికి రమ్మని బతిమాలితే, "వెలుతురులో నిలబడేవాళ్ళకు నా అవసరం లేదు" అని టీవీ పెట్టుకున్నాడు. ఏ వేళకు వస్తారు, అన్నం ఎప్పుడు వండమంటారు అని నేను అడిగినందుకు ఒకసారి, "నేను తిరిగి వస్తాను. కానీ వెళ్ళినవాడిగా కాదు" అన్నాడు. సాయంత్రం ఐదున్నరకు అదే మనిషి, అదే చొక్కా, అదే టిఫిన్ డబ్బాతో వచ్చాడు. డబ్బాలో కూర మిగిల్చాడు.

నా సంగతి నీకు తెలుసు కదా, ఏ విషయమైనా కాగితం మీద పెడితేగాని నాకు నమ్మకం కుదరదు. ఒక నోటుబుక్కు తీసుకుని, అతను నాతో అన్న ప్రతి వాక్యాన్నీ తేదీ వేసి రాయడం మొదలుపెట్టాను. కుడివైపు ఒక గడి గీసి, సొంతమా సినిమాదా అని గుర్తు పెడతాను. మూడు నెలల లెక్కలో నాతో అన్నవి డెబ్బై ఒక్క వాక్యాలు. అరవై ఎనిమిది ఆ ముసుగువాడివి. మిగిలిన మూడూ "ఆఁ", "ఊఁ", "సరే". వీటిని వాక్యాలుగా ఒప్పుకోవాలో లేదో ఇప్పటికీ తేల్చలేదు. వసంతకు చూపించి, ఇలాంటి మనిషితో ఎలా వేగుతున్నావే అని అడిగాను. అది పుస్తకం మూసి, "అమ్మా, నువ్వు ఆయన్ని దిద్దడానికి రాలేదు, నాకు వంట చేసి పెట్టడానికి వచ్చావు" అంది. ఆ రోజు నేను పచ్చడి చేయలేదు.

ఇలా ఉండగా వాళ్ళ ఫ్యాక్టరీలో భద్రతా వారోత్సవాలు వచ్చాయి. ఏటా వారం రోజులు జరుపుతారట. ప్రమాదాల గురించి ఉపన్యాసాలు, మంటలు ఆర్పి చూపించడం, పనివాళ్ళకు నినాదాల పోటీ. మొదటి బహుమతి వచ్చిన నినాదాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తారు. వెల్ఫేర్ ఆఫీసరు అని ఒక కుర్రవాడు ఇంటికి వచ్చి, రిటైరైన తెలుగు టీచరుగారు మీరొక్కరే దొరికారు, తెలుగు నినాదాలకు మార్కులు వేసి పెట్టండి అని అడిగాడు. మా అల్లుడు అక్కడే పనిచేస్తాడు, నేను వేయకూడదు అన్నాను. పేర్లుండవు, నంబర్లే ఉంటాయి, పేర్ల జాబితా కవర్లో పెట్టి సీలు వేస్తాం అన్నాడు. ఆ కవరు సభలో అందరి ముందు విప్పితేనే ఒప్పుకుంటానన్నాను. నిబంధనలు కూడా చదివించుకున్నాను. మొదటి నిబంధన: నినాదం సొంత రచన అయి ఉండాలి.

అరవై మూడు కాగితాలు వచ్చాయి. సగానికి పైగా ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టున్నాయి. హెల్మెట్ పెట్టు, ప్రాణం నిలబెట్టు. ఇంకొకటి నన్ను మంచి చేసుకోవడానికన్నట్టు నా పేరుతోనే మొదలైంది, దానికి సున్నా వేశాను. నలభై ఏడో నంబరు దగ్గర ఆగాను. అక్షరాలు వంకరటింకరగా, ఒకటో తరగతి పిల్లవాడు రాసినట్టు ఉన్నాయి. అల్లుడి రాత నాకు తెలుసు, అది కాదు. వాక్యం ఇది: "నాకు భయం లేదని ఎవరన్నారు? భయమే నా కాపలా."

అక్కయ్యా, నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. జాగ్రత్త, జాగ్రత్త అని అరిచే అరవై రెండు కాగితాల మధ్య ఒక మనిషి తనకు భయమని ఒప్పుకున్నాడు. పదికి తొమ్మిదిన్నర వేశాను. నా ఉద్యోగంలో తొమ్మిది దాటి వేసింది ఎప్పుడో నాకు గుర్తు లేదు. గురువారం సాయంత్రం నంబర్లు, మార్కులు రాసి సంతకం పెట్టి పంపేశాను. ఆ ఆఫీసరుకు వాక్యం ఎంత నచ్చిందంటే, శనివారానికల్లా పెయింటరును పిలిచి రేకులు నొక్కే ప్రెస్సులుండే షెడ్డు గోడ మీద రాయించేశాడు.

ఆదివారం మధ్యాహ్నం నేను చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. టీవీలో మామూలే, మూడో భాగం. వాన, గోపురం. ఎవరో ఆడమనిషి కింద నుంచి అతన్ని, నీకు భయం లేదా అని అడిగింది. అతను నెమ్మదిగా తల తిప్పి, బిందె గొంతుతో, "నాకు భయం లేదని ఎవరన్నారు?" అన్నాడు. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "భయమే నా కాపలా." ఉరుము.

అల్లుడి వైపు చూశాను. అతని పెదవులు ఆ మాటలతో పాటే కదులుతున్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఐదు నెలలుగా ఎవడి మాటలను తిట్టుకుంటున్నానో, వాడికే నేను నా చేత్తో తొమ్మిదిన్నర వేశాను. అల్లుడు ఎవరిచేతనో ఎడమచేతి రాత రాయించి, నన్ను పరీక్షించడానికే ఆ కాగితం పెట్టాడని నిశ్చయానికి వచ్చేశాను. "ఈ వాక్యం మీరు ఇంకెక్కడైనా వాడారా?" అని అడిగాను. అతను నా మొహంలోకి కూడా చూడకుండా, "అడిగేవాళ్ళకు జవాబులు అక్కర్లేదు. వినేవాళ్ళకే కావాలి" అన్నాడు. అది కూడా అదే సినిమాలోది, పది నిమిషాల ముందు విన్నాను. దాన్ని నేను నేరం ఒప్పుకోవడంగా తీసుకున్నాను.

సోమవారం పదిన్నరకు సభ. షామియానా వేశారు, కుటుంబాలను కూడా పిలిచారు. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. అల్లుడు మూడో వరసలో ఉన్నాడు. ఫలితాలు చదవమని మైకు నా చేతికిచ్చారు. అప్పుడు నేనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఒక్క అక్షరం తగ్గించను.

"మొదటి బహుమతి నలభై ఏడో నంబరుకు వేశాను. ఇప్పుడు రద్దు చేస్తున్నాను. ఇది సొంత రచన కాదు, ఒక సినిమాలో ముసుగువాడి మాట. తెచ్చిపెట్టినవారు ఎవరో నాకు తెలుసు. నా ఇంటివారైనా సరే, దొంగను దొంగ అనే అంటాను."

నేను సుధాకర్ వైపు చూస్తూ అన్నాను. అతను లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఆఫీసరు చెమట తుడుచుకుంటూ కవరు విప్పి, నలభై ఏడు ఎదురుగా ఉన్న పేరు చదివాడు. యాదయ్య.

వెనక వరసలో ఒక మనిషి అప్పటికే సగం లేచి ఉన్నాడు. కొత్త చొక్కా, మడతలు కూడా పోలేదు. పక్కన భార్య, చేతిలో పూలు. శనివారం గోడ మీద తన నినాదం చూసుకుని, బహుమతి తనకేనని తెలిసి, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మనిషి నాకు తెలుసు. రెండుసార్లు మా ఇంటికి జొన్నరొట్టెలు తెచ్చిచ్చాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని, వచ్చే లారీల నంబర్లు రాస్తాడు. కుడిచేతికి మూడు వేళ్ళు లేవు కాబట్టి ఎడమచేత్తో రాస్తాడు. అందుకే ఆ రాత.

యాదయ్య అక్కడి నుంచే అన్నాడు. "టీచరమ్మా, నేను దొంగను గాదు. గా సిన్మా నేను సూడనే లేదు." అని భార్యను తీసుకుని షామియానా దాటి వెళ్ళిపోయాడు. ఆవిడ పూలు కుర్చీలోనే ఉండిపోయాయి. రెండో బహుమతివాడిని పిలిచి ప్రెషర్ కుక్కరు ఇచ్చి ఫోటో తీశారు. ఆ ఫోటోలో నేను కూడా ఉన్నాను.

ఇంటికి వచ్చి అన్నం వడ్డించాను. సుధాకర్ కంచం ముందు కూర్చోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తయ్యా, యాదయ్య దగ్గరికి పోయి తప్పయిందని చెప్పేదాకా మీ చేతి వంట నేను ముట్టను. మీకు ఇష్టం లేకపోతే రేపల్లె బస్సు ఎక్కిస్తాను."

బిందె గొంతు కాదు. సన్నటి గొంతు. అతని అసలు గొంతు అదని నేను మరిచిపోయాను. నాకు కోపం ముంచుకొచ్చింది. నిబంధన నిబంధనే, సినిమా మాట సొంత మాట కాదు, బహుమతి రద్దు చేయడంలో నా తప్పేమీ లేదు అన్నాను. అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ పూటే నోటుబుక్కు తీసి రెండు వాక్యాలూ రాశాను. కుడివైపు గడిలో మొదటిసారి "సొంతం" అని గుర్తు పెట్టాల్సి వచ్చింది. అల్లుడు ఐదు నెలల్లో సొంతంగా అన్న మొదటి మాటల్లోనే నాకు ఊరికి దారి చూపించాడు.

సాయంత్రం వసంత నా దగ్గర కూర్చుని చెప్పింది. రెండేళ్ళ కిందట యాదయ్య ప్రెస్సు మీద పనిచేసేవాడు. ప్రెస్సు కిందికి దిగేటప్పుడు చెయ్యి లోపలికి పోకుండా ఒక ఇనుప జాలీ ఉంటుంది, గార్డు అంటారు. అది ఉంటే పని నిదానమవుతుంది. నెలాఖరున చేయవలసిన భాగాల లెక్క పూర్తికాక అందరూ హైరానాపడుతున్నప్పుడు యాదయ్య గార్డు విప్పి పక్కన పెట్టాడు. షిఫ్టు ఇన్‌చార్జి సుధాకర్ చూశాడు. పెట్టు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పావుగంటలో మూడు వేళ్ళు పోయాయి. అప్పటి నుంచే ఈయనకు మాటలు పోయాయి అమ్మా, అంది వసంత. ఆస్పత్రిలో యాదయ్య, నాకు మళ్ళీ ఆ షెడ్డులోకి పోవాలంటే భయమైతుంది, సిగ్గయితుంది అని ఏడిస్తే, చెప్పడానికి సొంత మాట ఏదీ రాక, సుధాకర్ ఆ ముసుగువాడి మాటే ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. అంటే భయం సిగ్గుపడే సంగతి కాదు, అదే కాపలా అని. ఆ మాట పట్టుకునే యాదయ్య మళ్ళీ పనిలోకి వచ్చాడట.

ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదే అని అడిగాను. "నువ్వు పుస్తకంలో రాసుకోవడమే గాని, ఎందుకని ఎప్పుడడిగావు?" అంది. కూతురు కాబట్టి ఆ మాట పడ్డాను.

అయినా వెంటనే కదల్లేదు. మంగళవారం, బుధవారం సుధాకర్ క్యాంటీన్‌లోనే తిన్నాడు. ఇంట్లో మజ్జిగ కూడా ముట్టలేదు. ఒకసారి వేసిన మార్కు నేను ఎప్పుడూ దిద్దలేదని నీకు తెలుసు. నా పక్షాన నేను చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్నాను. నిబంధన నా వైపు ఉంది. కానీ "దొంగ" అన్న మాట ఏ నిబంధనలోనూ లేదు. అది నేను సొంతంగా చేర్చాను. కవరు విప్పకముందే చేర్చాను.

గురువారం పొద్దున ఆటోలో ఫ్యాక్టరీ గేటుకు వెళ్ళాను. యాదయ్య రేకుల గదిలో లారీ నంబరు రాస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఎండకెందుకొచ్చినవ్ టీచరమ్మా, స్టూలు మీద కూసో."

కూర్చోనన్నాను. నిలబడే చెప్పాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. నేను రెండు తప్పులు చేశాను, పేరు చూడకుండా దొంగ అన్నాను, అది కూడా నీ భార్య ముందు అన్నాను, రెంటికీ క్షమించమని అడుగుతున్నాను అన్నాను. బహుమతి రద్దు చేయడం మాత్రం తప్పు కాదు, దానికి అడగను అన్నాను.

అతను పెన్ను కింద పెట్టాడు. "మా ఆడామె రెండ్రోజులు అన్నం తినలే. నేను తిన్న. ఆకలైతది గద" అన్నాడు. తర్వాత, "కుక్కరుదేమున్నదమ్మా, మా ఇంట్ల రెండున్నయి. గది సుధాకర్ సారు సొంతంగ చెప్పిన మాటనుకున్న. సారు మాట గోడెక్కాలె, సారు సూడాలె అని ఏసిన. సిన్మాలదని నాకేమెర్క?" అన్నాడు.

నా కళ్ళు చెమర్చాయని రాస్తానేమోనని ఎదురుచూడకు. నాకు ఇంకా కోపంగానే ఉంది. ఆ ముసుగువాడి మీద, అతని బూజు కోట మీద, ఒక మనిషి మాట పోగొట్టుకుంటే అద్దెకు మాటలిచ్చే ఆ వ్యాపారం మీద. ఆ కోపంలోనే, మరి నీ సొంత నినాదం ఒకటి చెప్పు, రాసుకుంటాను అన్నాను. నాకు రాదమ్మా అన్నాడు. అంతలో షిఫ్టు మారే వేళయింది. కొత్తగా చేరిన కాంట్రాక్టు పనివాళ్ళు నలుగురు లోపలికి వెళ్తున్నారు. యాదయ్య వాళ్ళను ఆపి, కుడిచెయ్యి వాళ్ళ మొహాల ముందు పెట్టాడు.

"చెయ్యి పెట్టేముందు నా చెయ్యి సూడు."

అందులో ఇద్దరు తెలుగువాళ్ళు కారు. వాళ్ళకు హిందీలో అదే చెప్పాడు. చూసేదాకా చెయ్యి దించలేదు. వాళ్ళు చూసి, తలూపి, లోపలికి వెళ్ళారు. రోజూ ఇలాగే చెబుతావా అని అడిగాను. ప్రతి షిఫ్టుకూ, కొత్తవాడు ఎవడొచ్చినా చెబుతానన్నాడు. మరి ఇదే ఎందుకు రాసి వేయలేదు అంటే, తెల్లబోయి చూశాడు.

"గిది నినాదమా అమ్మా? గిది మాట."

నేను సంచీలోంచి కాగితం తీసి, అతను పలికింది పలికినట్టే రాసుకున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు. పదికి పది వేసి, తేదీ వేసి సంతకం పెట్టి, తిన్నగా ఆ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. పోటీ అయిపోయింది మేడమ్ అన్నాడు. పోటీ కోసం కాదు, గోడ కోసం అన్నాను. ఆ షెడ్డు గోడ మార్చాలంటే షిఫ్టు ఇన్‌చార్జి సంతకం కావాలి అన్నాడు. అయితే చేయించుకో అని కాగితం అతని బల్ల మీద పెట్టి వచ్చేశాను.

సుధాకర్ సంతకం చేశాడట. ఆ సంగతి మృదుల చెబితే తెలిసింది, అతను చెప్పలేదు. ముసుగువాడి వాక్యం మీద ఇప్పటికి సగం సున్నం పడిందట. "భయమే నా" దాకా పోయింది, "కాపలా" మిగిలి ఉంది. అది కూడా సోమవారానికి పోతుంది.

నిన్న శనివారం మధ్యాహ్నం అతను వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. నేను పిలవలేదు. బీరకాయ పప్పు, అన్నం వడ్డించి పక్కన నిలబడ్డాను. మొదటి ముద్ద తిన్నాడు. మేమిద్దరం సర్దుకుపోయామని అనుకోకు. నన్ను బస్సెక్కిస్తానన్న మాట అతను వెనక్కి తీసుకోలేదు, నేను కూడా తీసుకోమని అడగలేదు. సాయంత్రం ఆ టీవీ మళ్ళీ మోగింది, నేను మళ్ళీ తలుపు వేసుకున్నాను. కానీ ఆ మొదటి ముద్ద తర్వాత జరిగినది రాయాలి. దాన్ని చివరికి అట్టిపెట్టుకున్నాను.

దానికి ముందు కొన్ని పనులు. మనవైపు నుంచి ఇటు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే తాటిబెల్లం రెండు ఉండలు పంపు. ఒకటి మాకు, ఒకటి యాదయ్య భార్యకు. నా పాత కళ్ళజోడు నీ అలమరలో పై అరలో ఉంది, అది కూడా పంపు. బావగారికి కషాయం మానవద్దని చెప్పు. పిన్నికి నా నమస్కారాలు, ఆవిడ చెయ్యి నా తల మీద పెట్టినట్టుగా ఒకసారి తలుచుకోమను. మీ ఇద్దరి ఆశీస్సులు వసంత నడుముకూ, మృదుల పరీక్షలకూ కావాలి. నాకు కూడా కొంచెం ఓర్పు కావాలని దీవించు. మీ ముందు గది వేరెవరికైనా ఇచ్చుకోండి. నేను ఇప్పట్లో రాను.

ఎందుకు రానో ఇది చదివితే నీకే తెలుస్తుంది. మొదటి ముద్ద మింగి, అతను తలెత్తకుండా, ఆ సన్నటి గొంతుతో, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఉప్పు సరిగానే ఉంది, అక్కయ్యా. నేను రుచి చూసే దించాను. అయినా మాట అతనిది. పుస్తకంలో సొంతం అని గుర్తు పెట్టి, ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టాను.

నీ చెల్లెలు
కామేశ్వరి